మొదటి గడపలోనే బిడ్డ బతకాలి

(పిల్లల అత్యవసర వైద్యంపై తెనాలిలో జరిగిన సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక రాష్ట్రం కోసం పుట్టిన పత్రికకు పిల్లల ఆసుపత్రి గొడవ ఎందుకని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఒక్క మాటలో ఉంది. దూరం.

1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ తర్వాత కోస్తా, సీమ జిల్లాల్లో కాలేజీలు ఖాళీ అయ్యాయి, రైళ్లు ఆగిపోయాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చాయి. ఆరు సూత్రాలతో నోరు మూయించారు గానీ ప్రశ్న చావలేదు. మన పన్నులు, మన ధాన్యం, మన పిల్లల చదువు అన్నీ ఒక్క నగరం చుట్టూనే ఎందుకు తిరగాలి అన్నదే ఆ ప్రశ్న. 2009 నుంచి 2013 దాకా ఇక్కడ సమైక్య హోరు నడిచినప్పుడు, రెండు రాష్ట్రాలే న్యాయమన్న కొద్దిమంది కుర్రాళ్లలో మేమూ ఉన్నాం. బజార్లో తిట్లు తిన్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వేరుపడింది.

అప్పట్లో మనం ఏమన్నాం? నిలోఫర్ హైదరాబాదులోనే, నిమ్స్ హైదరాబాదులోనే, ఉస్మానియా, గాంధీ హైదరాబాదులోనే అన్నాం. ఒంట్లో బాగోలేని బిడ్డను చంకన వేసుకుని రాత్రి రైలెక్కే తల్లి గురించి మాట్లాడాం. ఇప్పుడు అదే కొలబద్ద మన చేతిలోనే ఉండాలి. రాష్ట్రం వచ్చాక కొలబద్ద మార్చేసేవాడు ఉద్యమకారుడు కాడు, పదవి కోసం కాచుకున్నవాడు.

కాబట్టి అడుగుతున్నాం. నిజాంపట్నం వైపు ఒక మత్స్యకార పల్లెలో అర్ధరాత్రి రెండు గంటలకు ఏడాది బిడ్డ డొక్కలెగరేస్తోంది. ఆ బిడ్డకు ఊపిరి అందించడం తెలిసిన మనిషి ఎన్ని నిమిషాల దూరంలో ఉన్నాడు? రాజధాని ఎంత దగ్గరకు వచ్చిందన్నది ఆ తల్లికి అక్కర్లేదు. ఆ మనిషి ఎంత దగ్గరున్నాడన్నదే ఆమెకు రాష్ట్రం.

లెక్క చూద్దాం

2019–20లో మన రాష్ట్రంలో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, వెయ్యి మంది పిల్లలు పుడితే 30 మంది ఏడాది నిండకుండానే పోతున్నారు. 35 మంది ఐదో పుట్టినరోజు చూడటం లేదు. అంతకు ముందు సర్వేలో ఇవి 35, 41. తగ్గిన మాట నిజం. తగ్గించింది టీకాలు వేసిన ఏఎన్ఎంలు, ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి కాన్పులు. వాళ్లకు దండం పెడదాం. కానీ మిగిలిన 35 మంది సంగతేమిటి? వాళ్లలో చాలామందికి వచ్చిన జబ్బులు కొత్తవి కావు, మందులేనివీ కావు. పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకపోవడం, న్యుమోనియా, విరేచనాలు, చీము రోగాలు. అన్నిటికీ వైద్యం ఉంది. అది వేళకు అందలేదు, అంతే.

వేళకు ఎందుకు అందలేదు? ఈ మూడు ఊళ్లనే చూడండి. రేపల్లె రైలు పట్టాలు ఆగిపోయే ఊరు. అక్కడి నుంచి తెనాలికి 34 కిలోమీటర్లు. తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి మరో పాతిక పైచిలుకు. బాపట్ల నుంచి గుంటూరుకు సుమారు 50. మ్యాపు మీద చూస్తే ఇవేమీ దూరాలు కావు. పంట లారీకి గంట ప్రయాణం. కానీ ఊపిరి ఆగిన బిడ్డ మెదడుకు నాలుగైదు నిమిషాలకు మించి వ్యవధి లేదు. 34 కిలోమీటర్లు ఆ బిడ్డకు ఢిల్లీ అంత దూరం.

మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. 2015లో శంకుస్థాపన, 2024 ఫిబ్రవరిలో ప్రధాని చేతుల మీదుగా జాతికి అంకితం. సంతోషం. బాపట్ల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. అదీ సంతోషం. బాపట్లకు ప్రభుత్వ వైద్య కళాశాల ఇస్తామని 2021లో శంకుస్థాపన చేశారు. 2025 సెప్టెంబరులో పది కొత్త కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది, ఆ పదింటిలో బాపట్ల ఉంది. ఒక ప్రభుత్వం రాయి వేసింది, ఇంకో ప్రభుత్వం వాటా పెట్టింది. రాయికీ వాటాకీ మధ్య మన బిడ్డ ఎక్కడ పడుకోవాలో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి వినండి. కోవిడ్ రెండో అల తర్వాత 2021 జులైలో కేంద్రం 23,123 కోట్ల రూపాయల అత్యవసర ప్యాకేజీ ప్రకటించింది. దేశంలోని 736 జిల్లాల్లో పిల్లల యూనిట్లు పెడతామంది. ఆ లెక్క వేసిన రోజుకు బాపట్ల జిల్లా పుట్టనే లేదు! జిల్లాలు పెరిగితే బోర్డులు పెరుగుతాయి, కలెక్టరు బంగళా వస్తుంది. పిల్లల మంచాలు కూడా కొత్త జిల్లా లెక్కన మళ్లీ పంచారా? సమాచార హక్కు చట్టం కింద బాపట్ల మిత్రులు పెట్టాల్సిన మొదటి దరఖాస్తు ఇదే.

పిల్లవాడంటే పొట్టి పెద్దమనిషి కాదు

ఎందుకు పిల్లల గురించి వేరుగా చెప్పాలి, ఆసుపత్రి అందరికీ కాదా అంటారు. కాదు. పిల్లల ఒంటి లెక్క వేరు. పెద్దవాడికి గొంతులో కాస్త వాపు వస్తే గొంతు బొంగురు పోతుంది. చంటిబిడ్డ గాలిగొట్టం మన చిటికెన వేలంత కూడా ఉండదు. అదే వాపుకు ఊపిరి సగం మూసుకుపోతుంది. పెద్దవాడు నాలుగు విరేచనాలకు నీరసిస్తాడు. ఆరు నెలల బిడ్డ కళ్లు లోపలికి పోతాయి. పాలు తాగని పసికందుకు రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఆ రెండూ కనిపెట్టకపోతే ఎంత ఖరీదైన మందు ఎక్కించినా వృథా.

మందు కూడా అంతే. పెద్దలకు ఒక బిళ్ల, ఒక ఇంజెక్షన్. పిల్లలకు ప్రతి చుక్కా బరువును బట్టి. హడావుడిలో బరువు తూచే తీరిక ఉండదని అమెరికాలో బ్రోస్లో అనే డాక్టరు ఒక రంగుల పట్టీ తయారుచేశాడు. బిడ్డను పట్టీ పక్కన పడుకోబెడితే పొడవును బట్టి బరువు, మందు మోతాదు, గొట్టం సైజు చెబుతుంది. బ్రహ్మాండమైన ఆలోచన. కానీ మన దేశపు పిల్లల మీద పరీక్షించి చూస్తే, 10 కిలోలు దాటిన పిల్లల బరువును ఆ పట్టీ ఎక్కువ చేసి చూపిందని తేలింది. వాళ్ల పిల్లలు వేరు, మన పిల్లలు వేరు. అరువు తెచ్చిన కొలత మన బిడ్డ మీద పెట్టేటప్పుడు చూసుకోవాలి. గోడ మీద తూకం, దాని పక్కన మన పిల్లల లెక్కతో మోతాదుల పట్టిక. దీనికి కోట్లు అక్కర్లేదు.

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. దేశమంతా తినే బీపీటీ 5204 బియ్యం, సాంబ మసూరి, మన బాపట్లలో పుట్టిన వంగడమే. ఏ రైతునైనా అడగండి, నారుమడి దగ్గర ఎన్నిసార్లు తిరుగుతాడో. చేలో నాటిన మొక్క రెండు రోజులు ఓర్చుకుంటుంది. నారుమడికి ఒక్క పూట నీరు తప్పినా పోతుందని వాడికి తెలుసు. వరినారుకు చూపే ఆ జాగ్రత్త ఆసుపత్రి గడపలో బిడ్డకు ఎందుకు చూపం?

చీటీ వైద్యం

ఈ మూడు ఊళ్ల మధ్య వార్తల కోసం తిరిగిన ఏళ్లలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లలో మేము విన్న మాట ఒక్కటే. "ఇక్కడ కాదన్నారండీ, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు." ఊళ్లో ఆర్ఎంపీ ఒక సూది వేసి పట్నం పొమ్మంటాడు. అక్కడ చీటీ రాసి ఇంకో పట్నం పొమ్మంటారు. అక్కడా ఒక చీటీ. మూడు గడపలు, మూడు చీటీలు. ప్రతి గడపలో అరగంట. దారిలో బిడ్డకు ఆక్సిజన్ లేదు, వెచ్చదనం లేదు, పక్కన నర్సు లేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి అక్కడి డాక్టరు చేతికి వచ్చేది బిడ్డ కాదు, ఆలస్యం. చివరకు చావు పెద్దాసుపత్రి లెక్కలో పడుతుంది. మొదటి మూడు గడపలూ శుభ్రంగా ఉంటాయి!

ఇక్కడ డాక్టర్లను తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. మేము ఆ పని చేయం. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు, నలభై మంది రోగులు, పిల్లల సైజు మాస్కు లేదు, ఏదైనా జరిగితే బంధువులు అద్దాలు పగలగొడతారన్న భయం. ఆ చోట మీరున్నా చీటీయే రాస్తారు. చీటీ మనిషి తప్పు కంటే ఏర్పాటు తప్పు. ఏర్పాటు మార్చమనే మన పోరాటం. అద్దాలు పగలగొట్టేవాడు మన మనిషి కాడు.

పై ఆసుపత్రికి పంపడమే తప్పని మేము అనడం లేదు. కొన్ని జబ్బులకు పంపాల్సిందే. పసిగుండెకు ఆపరేషన్ రేపల్లెలో చేయమని ఎవరూ అడగరు. 2021 అక్టోబరులో తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి వచ్చింది, దానికి అక్కడికే పంపాలి. మేము అనేది, బతికించి పంపమని. ఊపిరి నిలబెట్టి, ఫిట్స్ ఆపి, చక్కెర చూసి, ఒళ్లు వెచ్చగా ఉంచి, అవతల డాక్టరుకు ఫోన్ చేసి పంపాలి. ఉత్త చీటీ ఇచ్చి తోలేయడం వైద్యం కాదు, గెంటివేత.

మలావీ చేసింది, మనం చేయలేమా?

దీనికి పెద్ద డబ్బు కావాలంటారు. ఆఫ్రికాలో మలావీ అనే దేశం ఉంది. మనకంటే బాగా పేదది. అక్కడ బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో నూటికి 10 నుంచి 18 మంది చనిపోయేవారు. వాళ్లు చేసిందేమిటి? క్యూ పద్ధతి మార్చారు. ఎవరు ముందు వచ్చారన్నది కాదు, ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందన్నది చూశారు. గుమ్మంలోనే ఒక శిక్షణ పొందిన మనిషి ప్రతి బిడ్డనూ చూడటం మొదలుపెట్టారు. ఊపిరి ఆడుతోందా, రక్తం కాళ్లూ చేతులకు అందుతోందా, స్పృహ ఉందా, ఫిట్స్ ఉన్నాయా, ఒళ్లు ఎండిపోయిందా. దీనికి నిమిషం కూడా పట్టదు. ప్రమాదమున్న బిడ్డకు అక్కడికక్కడే వైద్యం మొదలు. చావులు నూటికి 6 నుంచి 8కి దిగాయి. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఈ లెక్కలు అచ్చయ్యాయి. ఈ పద్ధతి మీద ఆ సంస్థ శిక్షణ పుస్తకమే వేసింది. స్కానింగ్ యంత్రం కొనలేదు, ఏడంతస్తుల భవనం కట్టలేదు. గుమ్మంలో చూపు మార్చారు.

అంత దూరం ఎందుకు? మన దేశంలోనే 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కొలత ప్రకారం నీళ్లలో కలిపించి, రోగి పక్కనున్న బంధువుల చేతే తాగించాడు. నూటికి 30 మంది దాకా పోతున్న చోట చావులు నాలుగు లోపుకు వచ్చాయి. ఇవాళ మీ ఇంట్లో ఉన్న ఓఆర్ఎస్ పొట్లం వెనుక కథ అదే. ఆయన 2022లో కన్నుమూశాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మన ప్రభుత్వాలకు చీటీ రాయడంలోనే కాదు, దండ వేయడంలో కూడా ఆలస్యమే.

సెలైన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మనవాళ్లకు సెలైన్ పెడితేనే వైద్యం. పెట్టకపోతే డాక్టరుకు ఏమీ రాదంటారు. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాల్లో జ్వరంతో, రక్తప్రసరణ దెబ్బతిని వచ్చిన 3,141 మంది పిల్లల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది, 2011లో ఫలితం వచ్చింది. గబగబా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో నూటికి పదిమందికి పైగా పోయారు. అలా ఎక్కించనివాళ్లలో ఏడుగురు. విరేచనాలతో ఎండిపోయిన బిడ్డ సంగతి వేరు, వాడికి నీరు ఎక్కించాల్సిందే. కానీ జ్వరమొచ్చిన ప్రతి బిడ్డకూ సీసా కట్టమని ఆర్ఎంపీ మీద ఒత్తిడి తేవడం మన బిడ్డ మీద మనమే చేస్తున్న ప్రయోగం. సీసా ఉండటం కంటే ఎప్పుడు కట్టాలో తెలియడం ముఖ్యం.

మన నేల, మన ప్రమాదాలు

మన ఆసుపత్రులు మన నేలకు సిద్ధంగా ఉండాలి. ఇది డెల్టా. తెనాలి చుట్టూ కాల్వలు, బాపట్ల దారిలో కొమ్మమూరు, ఊరూరా చెరువు. పిల్లవాడు నీళ్లలో పడితే బయటికి తీసి తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు. ఆ తిప్పే నిమిషాలే వాడి ప్రాణం. కావాల్సింది నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదడం, గుండె నొక్కడం, వెంటనే, అక్కడే గట్టు మీద. మునిగిన బిడ్డకు పొట్టలో నీళ్లు కాదు జబ్బు, ఒంట్లో గాలి లేకపోవడం జబ్బు.

పాము చూడండి. దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58,000 మంది పాము కాటుకు చనిపోయారని 2020లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్న బిడ్డను కరిస్తే వాపుండదు, నొప్పి పెద్దగా ఉండదు. పొద్దున కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. కాసేపటికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. అప్పుడు సంచితో గాలి కొడుతూ విరుగుడు ఎక్కిస్తే బిడ్డ లేచి కూర్చుంటాడు. ఇంకో ముఖ్యమైన సంగతి. అన్ని మందులూ పిల్లలకు తక్కువ, పాము విరుగుడు మాత్రం పెద్దలకెంతో పిల్లలకూ అంతే. పాము చిన్నవాడని విషం తగ్గించి కరవదు కదా. ఈ ఒక్క మాట తెలియక మోతాదు తగ్గిస్తే చేతిలో మందు ఉండి కూడా ప్రాణం పోతుంది. పాము కాటు చావులు 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక కాగితం మీద కాదు, ప్రతి పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో కనపడాలి.

బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగ పండుతుంది. నాలుగు గింజలు నోట్లో వేసుకుని పరుగెత్తే మూడేళ్లవాడికి అదే గొంతుకు అడ్డం పడుతుంది. ఏడాది లోపు బిడ్డ అయితే బోర్లా వంచి వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము మీద ఐదు నొక్కులు. నోట్లో గుడ్డిగా వేలు పెట్టి కెలకకూడదు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టనక్కర్లేదు. ఐదు నిమిషాలు దాటితే ఆపే మందు కావాలి. అది ముక్కులో కొట్టే మందుగా కూడా దొరుకుతోంది. కిరోసిన్ తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పట్టి కక్కిస్తారు. కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ నాలుగు ముక్కలూ అంగన్‌వాడీ టీచరుకు, ఆటో డ్రైవరుకు, ఆర్ఎంపీకి నేర్పడానికి ఒక్క పూట చాలు.

బండి వస్తే సరిపోదు

108 మన తెలుగు నేల మీదే మొదలైంది, 2005 ఆగస్టు 15న హైదరాబాదులో. తర్వాత దేశమంతా నేర్చుకుంది. గర్వపడదాం. 2020 జులై 1న మన రాష్ట్రంలో కొత్తగా 412 అంబులెన్సులు జెండా ఊపి పంపారు. వాటిలో పసికందుల కోసం ప్రత్యేకంగా అమర్చినవి 26. అప్పటికి 13 జిల్లాలు. జిల్లాకు రెండు! పాత గుంటూరు జిల్లా ఒక కొస మాచర్ల, ఇంకో కొస నిజాంపట్నం. రెండు బళ్లు ఎన్ని ఊళ్లకు పరుగెత్తుతాయి? నిలువునా రెండు వందల కిలోమీటర్ల జిల్లాకు రెండు పసిపిల్లల బళ్లు చాలునని లెక్క వేసినవాడి ఇంట్లో నెలలు నిండని బిడ్డ పుట్టి ఉండడు.

ఆ బండి లేకపోయినా ఒకటి చేయొచ్చు. పసికందును ఒట్టి గుడ్డలో చుట్టి పంపకుండా, తల్లి రొమ్ముకు చర్మానికి చర్మం తగిలేలా కట్టి పంపితే ఒళ్లు చల్లబడదు. 1978లో కొలంబియాలో ఇంక్యుబేటర్లు చాలక కనిపెట్టిన పద్ధతి ఇది. తల్లి ఒళ్లే ఇంక్యుబేటరు. ఇది నేర్పడానికి టెండరు అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ నేర్పరు!

చేరిన చోట భద్రత కూడా మన హక్కే. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో పది రోజుల పసికందును ఎలుకలు కొరికిన ఘోరం దేశమంతా చూసింది. బిడ్డ దక్కలేదు. వేరే ఊరి నుంచి ఆపరేషన్ కోసం పంపిన బిడ్డ అది. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో పసిపిల్లల వార్డులో మంటలొచ్చి పదిమంది, 2024 నవంబరులో ఝాన్సీలో ఆ ఒక్క రాత్రే పదిమంది పసికందులు పోయారు. ప్రతిసారీ విచారణ కమిటీ, సస్పెన్షన్, పరిహారం చెక్కు. కరెంటు వైర్లు మాత్రం పాతవే. మంటలు వచ్చాక కమిటీ వేసే బదులు రాకముందే మనమే వెళ్లి వైర్లు చూద్దాం.

మేము అడుగుతున్నది ఇదీ

ఒకటి. తెనాలి జిల్లా ఆసుపత్రిలో, బాపట్ల ఏరియా ఆసుపత్రిలో, రేపల్లె ప్రభుత్వాసుపత్రిలో రాత్రీ పగలూ గుమ్మంలో పిల్లల్ని చూసి వేరుచేసే శిక్షణ పొందిన నర్సు ఉండాలి. అమెరికాలో 1984లోనే పిల్లల అత్యవసర వైద్యానికి వేరే చట్టం తెచ్చారు. ఆసుపత్రికి ఒక బాధ్యుడు పిల్లల ఏర్పాట్లు చూడాలన్నది వాళ్లు నేర్చుకున్న పాఠం. మనకూ ప్రతి ఆసుపత్రిలో ఒక పేరు గోడ మీద ఉండాలి, "పిల్లల అత్యవసరానికి బాధ్యులు వీరు" అని.

రెండు. ఒక తోపుడు బల్ల. దాని మీద మూడు సైజుల మాస్కులు, గాలి కొట్టే సంచి, ఆక్సిజన్, పిల్లల వేలికి పట్టే ఆక్సిజన్ మీటరు, నెబులైజరు, చక్కెర చూసే పట్టీలు, తూకం, ఫిట్స్ మందు, పాము విరుగుడు, పురుగుమందు విషానికి అట్రోపిన్, మోతాదుల పట్టిక. రోజూ ఉదయం సరిచూసి సంతకం చేయాలి. ఇది ఒక కల్వర్టు కాంట్రాక్టులో కారిపోయే సొమ్ము.

మూడు. పై ఆసుపత్రికి పంపేటప్పుడు ముందు ఫోను, చేతిలో రాసిన వివరాలు, పక్కన నర్సు. రేపల్లె నుంచి రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే పిల్లల డాక్టరు తెనాలిలోనో గుంటూరులోనో ఉండాలి.

నాలుగు. తీర ప్రాంతానికి పసికందుల అంబులెన్సు. బాపట్ల కొత్త జిల్లాగా దాని వాటా దానికి.

ఐదు. ప్రతి బిడ్డ మరణం మీద సమీక్ష. 2014లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరినో ఉరితీయడానికి కాదు, ఏ గడపలో ఎన్ని నిమిషాలు పోయాయో తేల్చడానికి. ఫలితం మూడు నెలలకోసారి జనం ముందు పెట్టాలి.

ఆరు. బాపట్ల వైద్య కళాశాల ప్రభుత్వ ఆధీనంలోనే పూర్తి కావాలి, దానిలో పిల్లల విభాగం మొదటి రోజు నుంచే పనిచేయాలి.

ఇక మన పని

మిత్రులారా, ఇది అంతా విని చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతే మనమూ చీటీ రాసినవాళ్లమే. మూడు ఊళ్లలో మూడు బృందాలు కట్టండి. ఒక టీచరు, ఒక రిటైరైన నర్సు, ఒక ఆటో డ్రైవరు, ఒక తల్లి, మా పత్రిక మనిషి ఒకరు. నెలకు ఒకసారి రాత్రి పది తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. గొడవకు కాదు, చూడటానికి. ఆ తోపుడు బల్ల ఉందా, ఆక్సిజన్ వస్తోందా, నర్సమ్మలు ఎంతమంది, వాళ్లకేం కావాలి. రాసుకోండి. మా పత్రికలో ప్రతి నెలా మొదటి వారం ఒక పేజీ దానికే ఇస్తాం. బాగుంటే బాగుందని రాస్తాం, సిబ్బంది పేరు పెట్టి మెచ్చుకుంటాం. లేకపోతే లేదని రాస్తాం. ఎమ్మెల్యే గారు ఏ పార్టీవారైనా సరే, ఆ పేజీ ఆయన బల్ల మీదకు చేరుతుంది.

ఈ తెనాలి చక్రపాణి గారి ఊరు, కొడవటిగంటి కుటుంబరావు గారి ఊరు. నాలుగు తరాల తెలుగు పిల్లలు 'చందమామ' చదివింది ఈ ఊరి మనుషుల చలవే. ఇక్కడి రణరంగ చౌక్‌లో 1942 ఆగస్టు 12 కాల్పుల్లో పడిపోయినవాళ్ల విగ్రహాలున్నాయి. కథలు చెప్పిన ఊరికీ, తూటాకు ఎదురు నిలిచిన ఊరికీ ఒక తోపుడు బల్ల సాధించడం పెద్ద పని కాదు.

రాష్ట్రం అడిగినప్పుడు, అది వస్తే ఏమొస్తుందని మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు ఇంకా బాకీ ఉంది. రేపల్లె గడపలో ఊపిరి ఆడని బిడ్డ, తెనాలి బండెక్కకముందే తిరిగి ఊపిరి తీసిన రోజున ఆ బాకీ తీరుతుంది. అంతవరకూ మన ఉద్యమం అయిపోలేదు.

జై ఆంధ్ర!